భుక్త్యంత బిస్కెట్టు శాస్త్రము

మన పంచాంగాల చివరి పేజీల్లో బల్లిపాటు ఫలం ఉంటుంది. తల మీద పడితే ఒక ఫలం, ఎడమ భుజం మీద పడితే ఇంకొకటి, ఆడవారికి వేరు, మగవారికి వేరు. పాపం బల్లికి ఇదేమీ తెలియదు. పురుగు మీద చూపు పెట్టి, పట్టు తప్పి జారుతుంది. అయినా శాస్త్రం శాస్త్రమే. తుమ్ముకుంది, పుట్టుమచ్చకుంది, ఇంటి మీద వాలిన కాకి అరుపుకుంది. ఇన్నిటికి ఓపిగ్గా గ్రంథాలు కూర్చుకున్నవాళ్ళం, ఏటా సుమారు 300 కోట్లు తయారై, ఒక్కొక్కటీ కడుపులో ఒక జోస్యం మోసే బిస్కెట్టును పట్టించుకోకపోవడం విద్వల్లోకానికి తగని పని. ఆ లోటు తీర్చడానికే ఈ ప్రయత్నం. ఇందులోని సూత్రాలు నేను కూర్చినవే. తాళపత్రాల్లో దొరికాయని చెబితే గౌరవం పెరిగేది గానీ, ఈ బిస్కెట్టుకు పేరొచ్చే నాటికి లోకంలో అచ్చుయంత్రాలు వచ్చేశాయి కనుక తాళపత్రం అతకదు.

ప్రథమ సూత్రం: భుక్త్యంతే భంజనీయమ్.

వృత్తి: భోజనం చివర విరవదగినది ఏదో అదే ఈ శాస్త్రానికి విషయం. భోజనమంటే ఇక్కడ అమెరికాలోని చైనా హోటల్లో చేసేది. చైనాలోని చైనా హోటల్లో కాదు. ఎందుకు కాదో ముందు తెలుస్తుంది. ‘విరవదగినది’ అంటే అప్పడానికి అతివ్యాప్తి రాదా? రాదు, అప్పడం భోజనం మధ్యలోనే విరుగుతుంది. వక్కకు? వక్క భోజనం చివరే విరుగుతుంది గానీ అందులో కాగితం ఉండదు. కనుక భోజనాంతంలో, బిల్లుతో పాటు చిన్న పళ్ళెంలో, మనిషికొకటి చొప్పున వచ్చి, విరిస్తే చీటీ బయటపడేది ఫార్చ్యూన్ కుకీ ఒక్కటే. లక్షణం నిర్దుష్టం.

దీని పాకం గురించి రెండు మాటలు. మైదా, పంచదార, గుడ్డు తెల్లసొన, నూనె, వెనిల్లా కలిపి జారుగా చేసి, వేడి ఇనప బిళ్ళ మీద అరచేతి వెడల్పున గుండ్రంగా కాలుస్తారు. తీసిన క్షణంలో అది బట్టముక్కలా వంగుతుంది. దాని మధ్యలో చీటీ పెట్టి సగానికి మడిచి, ఆ మడతను ఒక కడ్డీ మీదో గిన్నె అంచు మీదో ఒత్తి రెండు కొసలూ దగ్గరకు తెస్తారు. ఇదంతా పది పదిహేను సెకన్లలో జరిగిపోవాలి. వేడి మీద కరిగి ఉన్న పంచదార చల్లారేకొద్దీ గాజులా బిగుసుకుంటుంది. ఆలస్యమైతే బిస్కెట్టు మడతపడదు, పగులుతుంది. అంటే లోకంలో అతి చిన్న ముహూర్తం ఈ బిస్కెట్టుదే. వర్జ్యం వెనువెంటనే మొదలవుతుంది. శాన్ ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో రాస్ ఆలీ అనే ఇరుకు సందులో 1962లో పెట్టిన కార్ఖానా ఒకటి ఉంది. అక్కడ ఇప్పటికీ చేతులతోనే మడుస్తారు, ఆ ముహూర్తం తప్పకుండా చూసుకుంటూ.

ఇక ఉత్పత్తి ప్రకరణం. ఇక్కడే వాదాలు ముదురుతాయి.

మొదటి పూర్వపక్షం: ఇది చైనాదే. 14వ శతాబ్దంలో మంగోలుల పాలన మీద తిరగబడదలచినవాళ్ళు పండుగ మూన్ కేకుల్లో చీటీలు దాచి ఇంటింటికీ పంచారనీ, తిరుగుబాటు తేదీ అందులోనే రాసి ఉందనీ ఒక కథ. బ్రహ్మాండమైన కథ. కానీ మూన్ కేకుకూ ఈ బిస్కెట్టుకూ పాకంలో పోలిక లేదు, ఆకారంలో లేదు. అది చైనా నుంచి కాలిఫోర్నియాకు చేరిన దారి ఎవరూ చూపించలేదు. అన్నిటికన్నా బలమైన ఆక్షేపణ ఏమిటంటే, చైనాలో దీన్ని ఎరిగినవాళ్ళే లేరు. న్యూయార్క్ క్వీన్స్‌లో కార్ఖానా ఉన్న వాంటన్ ఫుడ్ కంపెనీ రోజుకు 40 లక్షలకు పైగా ఈ బిస్కెట్లు చేస్తుంది. అంతటి కంపెనీ 1990లలో వీటిని చైనాలో అమ్మాలని చూసి, అక్కడి జనానికి ఇది మరీ అమెరికా సరుకుగా తోచడంతో వెనక్కు వచ్చేసింది. కన్నతల్లే బిడ్డను గుర్తుపట్టలేదంటే, ఆమె కన్నతల్లి అవునా కాదా అని అడగాల్సి వస్తుంది.

రెండో పూర్వపక్షం లాస్ ఏంజెలెస్ వాళ్ళది. అక్కడ హాంకాంగ్ నూడిల్ కంపెనీ నడిపిన డేవిడ్ జంగ్ 1918లో, పనీపాటా లేక వీధుల్లో తిరిగే పేదలకు ఊరట కోసం, బైబిలు వాక్యాలు లోపల పెట్టి ఈ బిస్కెట్లు పంచాడంటారు. ఆకలితో ఉన్నవాడికి బిస్కెట్టిచ్చి, అందులో సగం జాగా వాక్యానికి కేటాయించడం ధర్మమా కాదా అనేది వేరే శాస్త్రంలో తేల్చాల్సిన విషయం.

మూడోది శాన్ ఫ్రాన్సిస్కో వాళ్ళ వాదం. 1894లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన కోసం గోల్డెన్ గేట్ పార్కులో ఒక జపాను తోట కట్టారు. ప్రదర్శన అయిపోయాక దాన్ని పెంచి పోషించిన తోటమాలి మకోతో హగివారా, టీ తాగడానికి వచ్చినవాళ్ళకు ఈ బిస్కెట్లు ఇచ్చేవాడని, అది 1910కి కాస్త అటూ ఇటూ జరిగిన మాటని వీళ్ళంటారు.

ఈ రెండు ఊళ్ళ తగాదా 1983లో కోర్టుకెక్కింది. కోర్టంటే నిజం కోర్టు కాదు. శాన్ ఫ్రాన్సిస్కోలో చారిత్రక పునర్విచారణ న్యాయస్థానం అని ఒకటుండేది. పనిలేని వివాదాల మీద పనిగట్టుకుని విచారణ జరిపే వినోద సభ. కానీ పీఠం మీద కూర్చున్నది మాత్రం నిజమైన న్యాయమూర్తే. ఆయన ముందు సాక్ష్యంగా ఒక బిస్కెట్టు ప్రవేశపెట్టారు. విరిస్తే లోపలి చీటీ, లాస్ ఏంజెలెస్‌కు అనుకూలంగా తీర్పు చెప్పే జడ్జి తెలివైనవాడు కాదని హెచ్చరించింది. సాక్షిని కొనడం విన్నాం గానీ, సాక్ష్యమే జడ్జిని బెదిరించడం న్యాయశాస్త్ర చరిత్రలో అరుదు. అంతకంటే గట్టి సాక్ష్యం తర్వాత వచ్చింది. హగివారా ఇంటి నుంచి తెచ్చిన నల్లటి గుండ్రటి ఇనప అచ్చులు, బిస్కెట్లు కాల్చినవి, సభలో పెట్టారు. తీర్పు శాన్ ఫ్రాన్సిస్కోకే వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలో కూర్చున్న కోర్టు అలా తేల్చడంలో వింత లేదు. లాస్ ఏంజెలెస్ ఒప్పుకోకపోవడంలోనూ లేదు.

కొట్టుకున్న రెండు ఊళ్ళూ అమెరికావే కావడం గమనించాలి. జపాను ఊసు ఇనప అచ్చుల మీదుగా లీలగా వచ్చి పోయింది, అంతే. అసలు పరిశోధన చేసింది యాసుకో నకామాచి అనే జపాను పరిశోధకురాలు. ఆమె 1980లలో న్యూయార్క్‌లోని ఒక చైనా హోటల్లో ఈ బిస్కెట్టును మొదటిసారి చూసింది. తర్వాత కొన్నేళ్ళకు క్యోతో నగరంలో, ఫుషిమి ఇనారి గుడి దారిలో, పాతకాలపు బిస్కెట్ల దుకాణంలో అదే మడత, అదే వంపు కనిపించింది. అక్కడ దాని పేరు త్సుజియురా సెంబే. కాస్త పెద్దది, ముదురు రంగు, నువ్వులూ మీసో ముద్దా కలిపి చేసేది. చీటీని కడుపులో దాచరు, బయట వంపులో ఇరికిస్తారు. పొరపాటున మింగే ప్రమాదం లేదు. ఆమె ఏళ్ళ తరబడి పాత పుస్తకాలు వెతికి, 1878 నాటి ఒక జపాను పుస్తకంలో బొమ్మ పట్టుకుంది. బొగ్గుల పొయ్యి మీద పొడుగు పిడుల ఇనప అచ్చులు వరసగా పేర్చి, ఒకడు సరిగ్గా ఈ బిస్కెట్లే కాలుస్తున్నాడు. అప్పటికి హగివారా టీ తోట లేదు, డేవిడ్ జంగ్ నూడిల్ కంపెనీ లేదు.

బిస్కెట్టు జపానులో పుట్టిందని తేలిపోయాక కూడా శాస్త్రానికి పని మిగిలే ఉంది. జపానులో పుట్టింది చైనా హోటల్లోకి ఎందుకొచ్చింది? దీనికి రెండో సూత్రం.

అంత్యహస్తః కర్తా. చివరగా వడ్డించిన చేయి ఎవరిదో, సరుకు వాళ్ళదే.

ఈ సూత్రానికి భాష్యం చెప్పాలంటే 1882కు పోవాలి. ఆ ఏడాది అమెరికా ప్రభుత్వం చైనా కూలీలు దేశంలోకి రాకుండా చట్టం చేసింది. ఒక జాతి పేరు పెట్టి వలసను నిషేధించిన మొదటి పెద్ద చట్టమది. వర్తకులకు మాత్రం మినహాయింపు. వర్తకుడైతే ఊరికి వెళ్ళి రావచ్చు, భార్యాబిడ్డలను తెచ్చుకోవచ్చు. లాండ్రీవాడు వర్తకుడు కాడు. వంటవాడూ కాడు. 1915లో ఒక కోర్టు తీర్పుతో హోటలు యజమానికి వర్తక హోదా దొరికింది, నియమాల మీద. ఏడాది పాటు అతడు హోటలు నడిపించాలే తప్ప వండకూడదు, వడ్డించకూడదు. పైగా చైనీయులు కాని సాక్షులు వచ్చి అతడు వేలు కూడా తడుపుకోలేదని చెప్పాలి. పని చేస్తే నేరం, చేయకపోతే హోదా! ఇటువంటి చట్టం మన జమీందార్లలో కొందరికి ఎంతో నచ్చేది. ఒక్కడి దగ్గర అంత డబ్బు ఉండదు గనుక చుట్టాలూ ఊరివాళ్ళూ కలిసి వాటాలేసి హోటళ్ళు పెట్టారు, వంతులవారీగా యజమానులయ్యారు. 1910 నుంచి 1920 లోపు న్యూయార్క్‌లో చైనా హోటళ్ళు నాలుగింతలయ్యాయి. నాలుకకు రుచి తెలిసి కాదు, చట్టానికి కంత దొరికి.

ఆ హోటళ్ళలో అమ్ముడుపోయింది చాప్‌సూయ్. చైనా రాజనీతిజ్ఞుడు లీ హోంగ్‌జాంగ్ 1896లో న్యూయార్క్ వచ్చినప్పుడు ఆయన వంటవాళ్ళు పుట్టించారని కథ ఉంది. కథ అబద్ధమే గానీ, ఆయన వచ్చి వెళ్ళిన హడావుడిలో ఊరి జనం చైనాటౌన్‌కు ఎగబడింది నిజం. ఇక్కడొక చిన్న పక్కమాట. హైదరాబాదు, విజయవాడ చైనా హోటళ్ళ మెనూల్లో ఈనాటికీ ‘అమెరికన్ చాప్‌సూయ్’ అని ఉంటుంది. చైనా హోటల్లో అమెరికా కూర ఏమిటని నవ్వేవాళ్ళుంటారు. మెనూ మొత్తంలో నిజం చెప్పిన మాట అదొక్కటే! దాని పక్కనే ఉండే మంచూరియా మాటేమిటి? దాన్ని 1975లో బొంబాయిలో, కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ తయారుచేశాడు. మంచూరియాలో దాన్నెవరూ ఎరగరు. రెండో సూత్రం మన ఊళ్ళలో కూడా అమలులో ఉన్నదనడానికి ఇది నిదర్శనం.

సరే, బిస్కెట్టు. అమెరికావాడికి భోజనం చివర తీపి పడాలి. చైనా భోజనం పండుతో ముగుస్తుంది, లేదా అలాగే ముగుస్తుంది. ఆ ఖాళీలో ఏదో ఒకటి పెట్టాలి. కాలిఫోర్నియాలో జపాను బేకరీలు ఈ బిస్కెట్లు చేస్తుండేవి. జపాను వాళ్ళే నడిపిన చాప్‌సూయ్ హోటళ్ళూ ఉండేవి. అలా బిస్కెట్టు చైనా బల్ల మీదికి చేరింది. అప్పటికింకా వడ్డించేవాళ్ళలో చైనా వాళ్ళూ జపాను వాళ్ళూ ఉన్నారు, చేసేవాళ్ళు మాత్రం జపాను వాళ్ళు.

పెర్ల్ హార్బర్ మీద జపాను దాడి జరిగాక, 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ ఒక ఉత్తర్వు మీద సంతకం చేశాడు. దాని పేరుతో జపాను మూలాలున్న దాదాపు 1,20,000 మందిని పశ్చిమ తీరం నుంచి పెకలించి ముళ్ళకంచెల శిబిరాల్లో పెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది అమెరికాలో పుట్టిన పౌరులు. టీ తోటలోనే ఇల్లు కట్టుకుని ఉన్న హగివారా కుటుంబాన్నీ వెళ్ళగొట్టారు. తోటకు ‘ఓరియంటల్ టీ గార్డెన్’ అని పేరు మార్చారు. పాత పేరు 1952లో గానీ తిరిగి రాలేదు. బేకరీలు మూతపడ్డాయి. బిస్కెట్టు అడిగేవాళ్ళు మాత్రం పెరిగారు, ఎందుకంటే పసిఫిక్ యుద్ధానికి పోయే సైనికుల్లో చాలామంది శాన్ ఫ్రాన్సిస్కో మీదుగా పోతూ, వస్తూ, చైనాటౌన్‌లో తిన్నారు. యుద్ధం ముగిసి తమ ఊళ్ళకు వెళ్ళి అక్కడి చైనా హోటలువాణ్ణి, ఆ చీటీ బిస్కెట్టు నీ దగ్గర లేదేమని అడిగారు. హోటలువాడు తెప్పించాడు. చేసి పంపడానికి చైనా వాళ్ళ కార్ఖానాలు లేచాయి. చైనీయుల మీద నిషేధం 1943లో తీసేశారు, ఏడాదికి 105 మంది చొప్పున రానిస్తామని. ఒకరి మీది నిషేధం సడలుతున్న రోజుల్లోనే ఇంకొకరు కంచె వెనక ఉన్నారు. బిస్కెట్టు చేతులు మారింది ఆ సందులో. ఇందులో ఎవరూ ఎవరిదీ దొంగిలించలేదు. దుకాణం తెరిచి ఉన్నవాడి దగ్గరికి గిరాకీ వెళ్ళింది.

తృతీయ సూత్రం: మధురం భవిష్యత్. జరగబోయేది తియ్యగానే ఉంటుంది.

మొదట్లో చీటీల్లో బైబిలు, కన్ఫ్యూషియస్, బెంజమిన్ ఫ్రాంక్లిన్ కలగాపులగంగా ఉండేవారు. తర్వాత స్వంత ఋషులు పుట్టారు. వాంటన్ ఫుడ్‌లో సుమారు ముప్పై ఏళ్ళు చీటీలు రాసిన డోనల్డ్ లౌ అంతకుముందు బ్యాంకు ఉద్యోగి. కంపెనీలో అందరికంటే ఇంగ్లీషు బాగా వచ్చినవాడని ఆ పని అప్పగించారు. మొదట ఏడాదికి వందదాకా రాసేవాడు, పోనుపోను నెలకు రెండు మూడు కూడా కష్టమై 2017లో కలం దించి ఇంకొకరికి అప్పగించాడు. వ్యాసమహర్షికి విఘ్నేశ్వరుడు దొరికాడు గానీ, ఈయనకు ఎవరూ దొరకలేదు.

చీటీలను చదివి వర్గీకరిస్తే ఒక విశేషం తేలుతుంది. నిజమైన జోస్యాలు తక్కువ. ‘మీరు మంచి మనసున్నవారు’ వంటి పొగడ్త, ‘ఓపిక పడితే మేలు’ వంటి సుద్ది, ఇవే ఎక్కువ. కారణం స్పష్టం. పొగడ్త తప్పిపోదు, సుద్దికి గడువు లేదు. వాంటన్ ఫుడ్ 2007లో కొన్ని చేదు చీటీలు కలిపి చూసింది, తిన్నవాళ్ళు గొల్లుమన్నారు. మన చిలక జోస్యంలో ఈ బాధ లేదు. పంజరంలోంచి నడిచొచ్చి చిలక తీసిన కార్డులో శని ఉన్నా, దాని కింద శాంతి ఉంటుంది, శాంతికి ఖర్చుంటుంది. కీడు లేకపోతే జోస్యుడికి రెండో రాబడి లేదు. హోటలువాడికి రెండో రాబడి మళ్ళీ ఆకలేసినప్పుడు మీరు రావడమే. అందుకే ఇక్కడ శని ప్రవేశం నిషిద్ధం.

ఈ శాస్త్రానికి ప్రత్యక్ష ప్రమాణం ఉందా అని నాస్తికులు అడుగుతారు. ఉంది. 2005 మార్చి 30న పవర్‌బాల్ లాటరీ తీశారు. రెండో బహుమతికి దేశమంతా కలిపి నలుగురైదుగురు వస్తారని లెక్క. 110 మంది వచ్చారు. లాటరీవాళ్ళు గుండెలు బాదుకుని, ఎక్కడో మోసం జరిగిందని ఆరా మొదలుపెట్టారు. టీవీ సీరియల్లో వచ్చిన అంకెలా? పత్రికలో వేశారా? చివరికి గెలిచినవాళ్ళనే అడిగితే, ‘బిస్కెట్టులో వచ్చింది’ అన్నారు ఒకరి తర్వాత ఒకరు. చీటీ మీద 22, 28, 32, 33, 39, 40 అని ఉంది. మొదటి ఐదూ తగిలాయి; ఆరోది 42 వచ్చింది. 89 మందికి లక్ష డాలర్ల చొప్పున, కాస్త ఎక్కువ కట్టి ఆడిన 21 మందికి ఐదు లక్షల చొప్పున ఇచ్చుకున్నారు. ఆ అంకెలు ఎలా పుట్టాయని కార్ఖానాను అడిగితే, గిన్నెలో అంకెలు వేసి తీస్తామన్నారు. ఆలోచించి రాసిన మాట ఒక్కటీ ఇంత నిక్కచ్చిగా ఫలించలేదు. గిన్నెలోంచి తీసినవి ఫలించాయి. భవిష్యత్తు చెప్పడమే పనిగా పెట్టుకున్న వస్తువు నిజంగా చెప్పిన రోజున, జనానికి తోచిన మొదటి మాట మోసం అని.

ప్రయోగ ప్రకరణం క్లుప్తంగా. పళ్ళెం వచ్చాక తమ వైపు తిరిగి ఉన్న బిస్కెట్టే తీసుకోవాలని కొందరు, కళ్ళు మూసుకుని తీయాలని కొందరు. చీటీ చదివేముందే బిస్కెట్టంతా తినేయాలని ఒక శాఖ, ముందు తింటే ఫలం పోతుందని ఇంకో శాఖ. కుర్రకారు చీటీలోని ప్రతి వాక్యం చివరా ‘పడక మీద’ అని కలిపి చదివి పగలబడతారు. పెద్దల ఎదుట ఈ ప్రయోగం పనికిరాదు.

పెద్దలనగానే ఒక ధర్మసందేహం. ఆరు నెలలకని కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో వెళ్ళిన మన శాకాహారులు, టోఫూ కూరతో ఎలాగో గట్టెక్కాక, ఈ బిస్కెట్టు ముందు ఆగిపోతారు. “ఇందులో గుడ్డుందిట్రా నాన్నా?” అని అమ్మమ్మ. “కొన్నింట్లో ఉంటుంది, కొన్నింట్లో లేదమ్మమ్మా, ఇందులో తెలీదు” అని మనవడు. నిర్ణయం: విరవడానికి దోషం లేదు, చదవడానికి అసలే లేదు. బిస్కెట్టు మనవడికి, భవిష్యత్తు అమ్మమ్మకు. మనవడు వద్దంటే తాతయ్య చూడనట్టు నోట్లో వేసుకోవడం కూడా శిష్టాచారంలో ఉన్నదే. ఆయనకు ఫలం రాదు, రుచి వస్తుంది.

మన ఊళ్ళ చైనా హోటళ్ళలో ఈ బిస్కెట్టు సాధారణంగా కనబడదు. గోరువెచ్చటి నీళ్ళలో నిమ్మచెక్క, తర్వాత సోంపూ పటికబెల్లం ముక్కలూ, అంతే. ఉగాది నాడు ఊరంతటికీ కలిపి ఏడాది జోస్యం ఉచితంగా వినిపించే చోట ఇంకో చీటీకి గిరాకీ ఉండదని వర్తకులు ముందే పసిగట్టి ఉంటారు.

ఇక మిగిలింది అతి జటిలమైన సమస్య, దానికే చివరి సూత్రం: శూన్యేఽపి ఫలమ్. యంత్రాలు మడిచే కాలంలో అప్పుడప్పుడు చీటీ పడకుండానే బిస్కెట్టు మూసుకుపోతుంది. విరిస్తే లోపల ఏమీ ఉండదు. ఆ మనిషికి భవిష్యత్తు లేదని ఒక వర్గం కంగారుపడుతుంది. అనుభవించవలసిన కర్మ ఏదీ మిగలలేదు గనుక రాయడానికేమీ లేకపోయిందని, ఇది సాక్షాత్తు మోక్ష సూచన అని ఇంకో వర్గం. ఆ చీటీ పక్కవాడి బిస్కెట్టులో రెండోదిగా దూరి ఉంటుందని, అతగాడిప్పుడు ఇద్దరి రాతా అనుభవించాలని మూడో వర్గం. వీళ్ళు పక్కవాడి పళ్ళెంలోకి తొంగి చూస్తారు. సర్వరు ఈ చర్చలోకి దిగడు. ఇంకోటి తెచ్చి పెడతాడు, దానికి డబ్బు తీసుకోడు.